టర్కీలో మైకు ప్రకటనలు, బోర్డుల మీది భాష: మాట్లాడే టర్కిష్ వచ్చినా ఇది ఎందుకు అందడం లేదు?

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఇస్తాంబుల్ వచ్చి ఏడాదిన్నర అయింది. సంతలో టమాటాల దగ్గర బేరమాడతాను, ఇంటి ఓనరుతో గీజరు గురించి పోట్లాడతాను, ఆఫీసులో టీ గ్లాసు పట్టుకుని అందరితో కబుర్లు చెబుతాను. అంతా టర్కిష్‌లోనే. కానీ మైకులో గొంతు వినబడిందా, అంతే. ఒక్క ముక్క బుర్రకెక్కదు. ఇది నేను నేర్చుకున్న భాషేనా అనిపిస్తుంది.

పోయిన గురువారం సాయంత్రం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. మైకులో ఏదో చెప్పారు. చివర్లో ఒక పొడుగాటి మాట వచ్చింది, 'యపిలమమక్తదిర్' అని. 'యప్' అంటే చెయ్యడం, అది తెలుసు. మిగతాది గాల్లో కలిసిపోయింది. ఏదో చేస్తున్నారు కాబోలు అనుకుని నిలబడ్డాను. చుట్టూ జనం మెట్లెక్కి వెళ్ళిపోతున్నారు. నేను ఇరవై నిమిషాలు అక్కడే. చివరికి చేతిలో కూరల సంచీ ఉన్న ఒక పెద్దావిడ ఆగి నా భుజం మీద చెయ్యి వేసి, 'త్రెన్ యోక్, కిజిమ్' అంది. రైలు లేదమ్మాయ్ అని. రెండే మాటలు, వెంటనే అర్థమైంది.

ఆ రెండు మాటల సంగతిని అంత పొడుగు మాటలో ఎందుకు చెప్పారు? దీన్ని పట్టుకునే ఉపాయం ఏమన్నా ఉందా? ఇక్కడ టర్కీలో ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

అంకారా_అక్క | సోమవారం, రాత్రి 11:05

అమ్మాయీ, నీ ఇరవై నిమిషాలు నాకు బాగా అర్థమయ్యాయి. పద్నాలుగేళ్ళ క్రితం నేనూ అలాగే నిలబడ్డాను. ఒక మాట ముందే చెప్తున్నాను, ఇక్కడ టర్కిష్‌ని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం కాబట్టి ఉచ్చారణ ఉజ్జాయింపే. 'జ' రెండు రకాలుగా పలుకుతుంది, ఒకటి జీలకర్రలో ఉన్నట్టు, ఒకటి ఇంగ్లీషు జీబ్రాలో ఉన్నట్టు. చుక్క లేని 'ఇ' ఒకటుంది, అది నాలుక వెనక్కి లాగి పలకాలి. దాన్నీ 'ఇ' అనే రాస్తాను.

ఇప్పుడు నీ మాట విప్పుదాం. యప్, ఇల్, అ, మ, మక్త, దిర్. ఆరు ముక్కలు. 'యప్' చెయ్యి. 'ఇల్' అంటే మన 'బడు'. 'అ' అంటే గలగడం, వీలవడం. 'మ' అంటే కాదు. 'మక్త' అంటే మన పాత 'చున్న'. చివరి 'దిర్' గురించి తర్వాత చెప్తాను, అది రాజముద్ర లాంటిది. మొత్తం వాక్యం బహుశా ఇలా ఉండి ఉంటుంది: 'సెఫెర్లెరిమిజ్ గెచిజి ఒలరాక్ యపిలమమక్తదిర్'. మా రైళ్ళు తాత్కాలికంగా నడపబడజాలకున్నవి. తెలుగులో ఇలా ఎవరూ అనరు, ఒప్పుకుంటాను. కానీ ముక్కలు ఏ వరసలో వచ్చాయో చూడు. ధాతువు ముందు, మిగతావన్నీ దాని తోకకి. క్రియ వాక్యం చివర. ఇంగ్లీషు మీదుగా టర్కిష్ నేర్చుకున్నవాళ్ళకి ఇది తలకిందుల భాష. మనకి కాదు. నువ్వు యాప్‌లో నేర్చుకునేటప్పుడు ఇంగ్లీషులోకి తిప్పుకుంటూ నేర్చుకున్నావేమో. ఆ అలవాటు మానేస్తే సగం బరువు దిగుతుంది.

మాట్లాడేటప్పుడు 'చెయ్యలేకపోతున్నారు' అనడానికి 'యపిలమియోర్' చాలు. 'యోర్' ఇంటి భాష, 'మక్తదిర్' మైకు భాష. ఈ ఒక్క మార్పిడి చెవికి ఎక్కిందంటే ప్రకటనల్లో సగం విడిపోతాయి. దుకాణాల అద్దాల మీద చూసే ఉంటావు, 'ఇరవై నాలుగు గంటలూ కెమెరాతో ఇజ్లెన్మెక్తెదిర్' అని ఉంటుంది. కనిపెట్టబడుచున్నది అని. అదే ముక్క.

మేష్టారు_రాజమండ్రి | మంగళవారం, ఉదయం 6:20

నాకు టర్కిష్ రాదు. ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పాను. అయినా ఈ చర్చ చదివాక నిద్ర పట్టలేదు, అందుకే తెల్లారకుండా రాస్తున్నాను.

అమ్మా కృష్ణాతీరం, నీ ప్రశ్నకి జవాబు మన ఊళ్ళోనే ఉంది. మనం ఇంట్లో 'సిగరెట్ తాగొద్దు' అంటాం. సినిమా హాల్లో 'పొగ త్రాగరాదు' అని ఉంటుంది. గోడ మీద 'నోటీసులు అంటించరాదు'. పాత ఆఫీసు తలుపు మీద 'నెట్టుము', 'లాగుము'. ప్రభుత్వ ప్రకటన 'ఇందుమూలముగా తెలియజేయడమైనది' అంటుంది. ఎవరు తెలియజేశారు? ఆ వాక్యంలో కర్త ఉండడు. 'హాజరు కావలసిందిగా కోరడమైనది' అన్నప్పుడు కోరినవాడెవడు? వాడూ ఉండడు. తెలుగు నేర్చుకునే పరాయి మనిషికి 'ఒద్దు' తెలిసి 'రాదు' తెలియకపోతే, పొగ దానంతటది రాదని చెప్తున్నారనుకుంటాడు. అది అతని తప్పా?

అంకారా అమ్మాయి గారిని ఒకటి అడగాలి. ఆ భాషలో మన 'రాదు' లాంటిది, కర్త లేకుండా నిషేధించేది, ఉందా?

సముద్రం_సీను | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మేష్టారూ, ఆ మాట నేను చెప్తాను, ఎందుకంటే దాని కింద నిలబడి పనిచేశాను. మాది విశాఖపట్నం. ఓడ రిపేరుకెళ్తే తుజ్లాలో నెలల తరబడి ఉండిపోయేవాళ్ళం. ఇస్తాంబుల్ చివర్లో నౌకా నిర్మాణ యార్డులన్నీ అక్కడే. ప్రతి గోడ మీదా ఒకటే, 'సిగరా ఇచిల్మెజ్'. 'ఇచ్' అంటే తాగడం, 'ఇల్' అంటే బడు, 'మెజ్' అంటే కాదు. సిగరెట్ తాగబడదు. గమనించారా, వాళ్ళు కూడా సిగరెట్‌ని తాగుతారు. మంచినీళ్ళకీ సిగరెట్‌కీ ఒకే క్రియ, అచ్చం మనలాగే. మా ఓడలో ఫిలిప్పీన్స్ కుర్రాడికి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. నాకు చెప్పనక్కర్లేకపోయింది.

అలాగే గేటు మీద 'గిరిల్మెజ్', లోపలికి పోబడదు. ఎవరినీ నువ్వు అనదు, మీరు అనదు. ఇక్కడ ఆ పని జరగదు, అంతే.

ఇంకోటి. యార్డు నుంచి ఊళ్ళోకి దొల్ముష్‌లో వెళ్ళేవాళ్ళం, మన షేర్ ఆటోకి అన్నలాంటి వ్యాను. దిగాలంటే వెనక నుంచి కేకెయ్యాలి, 'ముసాయిత్ బిర్ యెర్దె ఇనెజెక్ వార్!' 'ఇనెజెక్' అంటే దిగేవాడు, 'వార్' అంటే ఉన్నాడు. మన ఆర్టీసీ బస్సులో 'దిగేవాళ్ళున్నారు!' అని అరవడమే గదా. మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది. అదేటో చెప్పలేను, ఇల్లు గుర్తొచ్చేసింది.

పాతబస్తీ_సలీం | మంగళవారం, రాత్రి 8:30

అస్సలాము అలైకుం, నమస్తే అందరికీ. సీనన్న చెప్పింది చదివి నాకు మా ప్రయాణం యాదికొచ్చింది. అమ్మీ అబ్బాలను ఉమ్రాకు తీస్కపోయి, వచ్చేటప్పుడు నాలుగు రోజులు ఇస్తాంబుల్‌ల ఆగినం. యాడ చూసినా ఎర్ర అక్షరాలతోని 'దిక్కత్' అని బోర్డులు. మెట్ల కాడ దిక్కత్, లిఫ్టు కాడ దిక్కత్. ఉర్దూల దిక్కత్ అంటే ఇబ్బంది, కష్టం. మా అమ్మీ ఏమన్నదంటే, 'బేటా, ఈ ఊర్ల ఇన్ని దిక్కత్‌లున్నయా' అని. ఆమె నిజంగనే భయపడ్డది. తర్వాత తెలిసింది, అక్కడ దిక్కత్ అంటే జాగ్రత్త, ధ్యాస పెట్టు అని. రెండూ ఒకే అరబీ మాట. సన్నగ, సూక్ష్మంగ ఉండుడు దాని అసలు అర్థం. సన్నపు దాని మీద ధ్యాస పెట్టాలె, సన్నపు దానితోని కష్టమూ ఉంటది. టర్కీవాళ్ళు ఒక కొస పట్టుకున్నరు, మనోళ్ళు ఇంకో కొస.

హోటల్ల నేల తుడిచి పసుపు పచ్చ బోర్డు పెట్టిన్రు, 'దిక్కత్! కయ్‌గాన్ జెమిన్'. జెమిన్ అంటే జమీన్. మన పొలం జమీను. అక్కడ అది కాళ్ళ కింది నేల. కయ్‌గాన్ అంటే జారేది.

బస్సు కార్డు గీకితే మిషన్ల ఏం వచ్చిందో తెలుసా? 'యెతెర్సిజ్ బాకియె'. 'బాకియె' చూసి నేను, అరె ఎవరికి బాకీ పడ్డం, నిన్ననే పైసలేసినం గదా అనుకున్న. వెనకున్న పిల్లగాడు ఫోన్ల తర్జుమా చేసి చూపెట్టిండు, కార్డుల మిగిలిన పైసలు సరిపోవు అని. మనకు బాకీ అంటే ఇయ్యాల్సి మిగిలింది, వాళ్ళకు చేతుల మిగిలింది. రెండూ మిగిలిందే.

రైలు డబ్బాల గొలుసు లాంటి పిడి మీద 'ఇమ్‌దాత్' అని ఉంటది. మన ఇమ్‌దాద్, సాయం. అది మాత్రం అమ్మీ ఎవరూ చెప్పకుంటనే చదివింది.

కృష్ణాతీరం | మంగళవారం, రాత్రి 10:10

సలీం గారూ, బాకీ మాట చదివాక రేపటి నుంచి ఆ మిషన్ వైపు వేరే కళ్ళతో చూస్తాను. మేష్టారూ, సీనన్నా, థాంక్యూ. సీనన్న చెప్పిన 'మెజ్' పట్టుకుని ఇవాళ దారిలో బోర్డులన్నీ చదువుకుంటూ వచ్చాను. యుస్కుదార్‌లో మర్మరాయ్ రైలు ఎక్కి యెనికపిలో మారి లెవెంట్‌లో దిగేలోపు ఎన్ని కనబడ్డాయో. 'సారి చిజ్గియి గెచ్మెయినిజ్', పసుపు గీత దాటకండి. ఇదొకటి మాత్రం 'మెజ్' కాదు, 'మెయినిజ్'. ఇది నేరుగా మనల్ని ఉద్దేశించి అంటున్నట్టుంది కదా అక్కా?

ఇంకో సందేహం. క్లాసులో 'మిష్' అంటే మనం చూడనిది, ఎవరో చెప్తే తెలిసింది అని నేర్పారు. 'త్రెన్ గెల్మిష్' అంటే రైలు వచ్చిందట. మరి వార్తల్లో, మైకులో అన్నీ 'మిష్తిర్', 'ముష్తుర్' అనే వస్తాయేం? ప్రభుత్వమే 'అట' అంటోందా?

అంకారా_అక్క | బుధవారం, ఉదయం 8:50

నీ రెండో ప్రశ్న బంగారం. కానీ ముందు మొదటిది.

'గెచ్మెయినిజ్'లో 'ఇనిజ్' మీరు అనే గౌరవ ముద్ర. టర్కిష్‌లో ఆజ్ఞకి మెట్లున్నాయి. చిన్నపిల్లాడితో 'గెచ్మె', దాటకు. మీరు అనదగ్గవాళ్ళతో 'గెచ్మెయిన్', దాటకండి. బోర్డు మీద, మైకులో 'గెచ్మెయినిజ్', దాటకుందురు గాక అన్నంత మర్యాద. తలుపుల మీద 'ఇతినిజ్', 'చెకినిజ్' అని ఉంటాయి, తోయండి, లాగండి అని. ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు ఎవరూ అంత పొడుగు వాడరు.

ఒక జాగ్రత్త. 'మ', 'మె' అనేవి రెండున్నాయి. ఒకటి 'వద్దు', ఒకటి మన 'డం'. రాతలో ఒకేలా ఉంటాయి, చెవికి వేరు. 'ఒకుమ' అన్నప్పుడు 'కు' మీద ఊనితే చదవకు అని. చివరి 'మ' మీద ఊనితే చదవడం అని. 'వద్దు' అనే 'మ' ఎప్పుడూ బరువుని తన ముందున్న అక్షరం మీదికి తోసేస్తుంది. మైకు వినేటప్పుడు గొంతు ఎక్కడ లేస్తోందో చూడు. విమానాశ్రయంలో ప్రయాణికులు గేటు దగ్గరికి 'గిత్మెలెరి రిజా ఒలునూర్' అంటారు. అక్కడ 'మె' వద్దు కాదు. వెళ్ళడం, వారి వెళ్ళడం, కోరబడుతుంది. మేష్టారు చెప్పిన 'వెళ్ళవలసిందిగా కోరడమైనది' అచ్చు గుద్దినట్టు ఇదే. కర్త ఎక్కడున్నాడో ఇక్కడా తెలియదు.

ఇప్పుడు 'మిష్'. నువ్వు నేర్చుకున్నది నిజం. 'గెల్మిష్' అంటే వచ్చిందట, లేదా వచ్చినట్టుంది. ఆ 'అట' తెలుగులో ఉంది కాబట్టి మనకి ఒక్క క్షణంలో అర్థమవుతుంది. మా యూరప్ స్నేహితులు దీని మీద వారాలు కూర్చుంటారు. అయితే దానికి 'దిర్' తగిలిస్తే 'అట' చచ్చిపోతుంది. 'గెల్మిష్తిర్' అంటే వచ్చియున్నది, ఇది అధికారికం, సందేహం లేదు. నేను రాజముద్ర అన్నది అందుకే. 'యసాక్' అంటే నిషేధం, 'యసాక్తిర్' అంటే నిషేధమైయున్నది, మేము చెప్తున్నాము. మా అత్తగారు ఇప్పటికీ చెప్తారు, 1980 సెప్టెంబర్ 12 తెల్లవారుజామున రేడియో పెడితే సైన్యం దేశ పాలనకి 'ఎల్ కొయ్ముష్తుర్' అని వినబడిందని. మాటకి మాట తెలుగు చేస్తే, చెయ్యి వేసియున్నది, అంటే స్వాధీనం చేసుకున్నది. ('కొయ్'లో ఓకారం ఉంది కాబట్టి 'మిష్తిర్' కాస్తా 'ముష్తుర్' అయింది. అచ్చుల పొందిక.) ఆవిడ అంటారు, ఆ 'తుర్' వినగానే ఇంక అడగడానికేమీ లేదని తెలిసిపోయిందని.

కానీ అదే 'గెల్మిష్తిర్'ని వంటింట్లో మామూలు గొంతుతో అంటే అర్థం తిరగబడుతుంది. 'పిల్లాడు బడి నుంచి వచ్చాడా?' 'గెల్మిష్తిర్.' అంటే వచ్చే ఉంటాడులే. మైకులో అది నిశ్చయం, వంటింట్లో ఊహ. ఎక్కడ నిలబడి అంటున్నారనే దాన్నిబట్టే తేలుతుంది.

మేష్టారు_రాజమండ్రి | బుధవారం, మధ్యాహ్నం 12:40

అమ్మా, ఆఖరి మాట నన్ను కుదిపేసింది. తెలుగులోనూ అదే జరిగింది చూడు. 'వచ్చియున్నాడు' అంటే నిశ్చయం, కాగితం భాష. 'వచ్చి ఉంటాడు' అంటే ఊహ, ఇంటి భాష. రెండింటిలోనూ వచ్చి ఉండడమే. ఇన్నేళ్ళు పాఠం చెప్పి కూడా ఈ రెంటినీ నేను పక్కపక్కన పెట్టి చూడలేదు.

సూటిగా_చెప్పు | బుధవారం, సాయంత్రం 5:30

నేను కొంచెం వేరే మాట చెప్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు. మీరంతా ఈ భాషలో అందం చూస్తున్నారు. నేను ఒక ఆసుపత్రిలో పనిచేస్తాను. మా వార్డు ముందు 'పాదరక్షలు వెలుపల విడువవలెను' అని బోర్డుండేది. ఎవరూ విడిచేవారు కాదు. చదివి కూడా తమకి కాదన్నట్టు లోపలికి నడిచేవారు. మేమే ఒక అట్టముక్క మీద 'చెప్పులు ఇక్కడ విప్పండి' అని రాసి తగిలించాం. ఆ రోజు నుంచి విప్పుతున్నారు.

కృష్ణాతీరం గారు ఇరవై నిమిషాలు నిలబడ్డారు. ఆ పెద్దావిడ రెండు మాటల్లో చెప్పింది. మైకువాళ్ళు ఆ రెండు మాటలే అని ఉంటే? అక్కడ చదువుకోని పల్లెటూరి మనిషి ఉండొచ్చు, వేరే దేశం నుంచి వచ్చిన కూలీ ఉండొచ్చు. 'నడపబడజాలకున్నవి' ఎవరి కోసం?

అంకారా_అక్క | బుధవారం, రాత్రి 9:15

మీ మాటలో నిజం ఉంది, నేను కాదనను. ముఖ్యంగా ప్రాణాల మీదికి వచ్చినప్పుడు. 2023 ఫిబ్రవరి 6న భూకంపం వచ్చి ఈ దేశంలోనే 50 వేల మందికి పైగా పోయారు. శిథిలాల దగ్గర యంత్రాలన్నీ ఆపించి, అందరినీ నిశ్శబ్దంగా ఉండమని, రక్షణ దళంవాళ్ళు కిందికి వంగి ఒక్కటే పిలిచేవాళ్ళు, 'సెసిమి దుయాన్ వార్ మి?' నా గొంతు వింటున్నవాళ్ళున్నారా? అందులో 'దిర్' లేదు, 'బడు' లేదు. సీనుగారు చెప్పిన 'ఇనెజెక్ వార్' ఉంది చూడండి, దిగేవాడున్నాడు, ఆ వాక్యమే ఇది. వినేవాడున్నాడా. దేశంలో అందరికన్నా చిన్న పిల్లకి కూడా అర్థమయ్యే వాక్యం. టీవీలో అది వినీ వినీ నేను చాలా రోజులు నిద్రపోలేదు.

కానీ 'ఇచిల్మెజ్' లాంటివాటిని అహంకారమంటే మాత్రం ఒప్పుకోలేను. కొత్తవాళ్ళతో 'ఇచ్మె', తాగకు, అంటే ఇక్కడ అవమానం. 'ఇచిల్మెజ్' ఎవరి వైపూ వేలు చూపించదు. ఇక్కడ ఈ పని జరగదు అని ఊరుకుంటుంది. అందులో వినేవాడి మర్యాద కాపాడే గుణం ఉంది.

అధికారం నిజంగా కనబడే చోటు వేరే ఉంది, కాగితాల్లో. సలీం గారూ, ఇది మీకు నచ్చుతుంది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది ఒక ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. చివర 'రిజా ఎదెరిమ్' అని రాశాను, కోరుతున్నాను అని. రోజూ వినే మాట అది, మనం 'పర్లేదండి' అన్నట్టు కూడా వాడతారు. గుమాస్తా కాగితం చదివి, పెన్ను మూతతో ఆఖరి లైను మీద రెండుసార్లు తట్టి, వెనక్కి తోశాడు. 'అర్జ్' అన్నాడు. అంతే. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మళ్ళీ రాశాను. తర్వాత తెలిసింది, పై వాళ్ళకీ సమానులకీ రాసేటప్పుడు 'అర్జ్ ఎదెరిమ్', కింది వాళ్ళకి రాసేటప్పుడు 'రిజా ఎదెరిమ్', ఇద్దరికీ కలిపి వెళ్ళే కాగితమైతే 'అర్జ్ వె రిజా ఎదెరిమ్'. ఇది అలవాటు మాత్రమే కాదు, ఆఫీసు ఉత్తరాల నియమావళిలో రాసి ఉంది, 2020లో వచ్చిన దాంట్లో కూడా. ఒక్క మాట చూసి ఎవరు పైనో ఎవరు కిందో చెప్పెయ్యచ్చు.

పాతబస్తీ_సలీం | బుధవారం, రాత్రి 10:00

అక్కా, అర్జ్ అంటే మన అర్జీ! సోమవారం కలెక్టర్ ఆఫీసు కాడ జనం పట్టుకోని నిలబడే అర్జీ. మా అబ్బా దినమంతా అక్కడ కూసోని ఊరోళ్ళకు అర్జీలు రాసిచ్చేటోడు. ఆయన కూడా ఆఖరు లైను కాడ ఆగి, గీ కాగితం ఎవరికి పోతది అని అడిగి, అప్పుడు రాసేటోడు. మీ గుమాస్తా తీరుగ కాకుండ, నవ్వుకుంట చెప్పేటోడు.

మేష్టారు_రాజమండ్రి | గురువారం, ఉదయం 7:00

సూటిగా చెప్పు గారు లేపిన ప్రశ్న తేలిగ్గా వదిలెయ్యదగ్గది కాదు. మన దగ్గర గిడుగు రామమూర్తి గారు జీవితమంతా దాని మీదే పోరాడారు. జనం మాట్లాడేదే రాయమన్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయినా ఆ ఆసుపత్రి బోర్డు 'విడువవలెను' అనే అంటోంది. టర్కీలో భాషని ప్రభుత్వమే మార్చిందని చదివాను. మరి వాళ్ళ బోర్డులు ఎందుకు మారలేదు?

అంకారా_అక్క | గురువారం, మధ్యాహ్నం 2:30

మారాయి మేష్టారూ, కానీ మనం మారినట్టు కాదు. 1928 నవంబర్ 1న లిపి చట్టం వచ్చి అరబీ అక్షరాలు పోయాయి. 1932 జులై 12న భాషా సంఘం పెట్టి అరబీ, పారశీక మాటల్ని ఏరడం మొదలుపెట్టారు. మక్తబ్ పోయి 'ఒకుల్', బడి. తయ్యారె పోయి 'ఉచాక్', ఎగిరేది. వాళ్ళు తలబె అనే విద్యార్థి పోయి 'ఒయ్‌రెంజి' వచ్చాడు. ఈ అమ్మాయి రోజూ వినే 'సాయిన్ యోల్జులరిమిజ్', గౌరవనీయులైన మా ప్రయాణికులారా, అందులో 'సాయిన్' కూడా ఆ రోజుల్లో నిలబెట్టిన మాటే. అంతకుముందు 'ముహ్తెరెమ్' అనేవారు. 1934 నవంబర్‌లో పాషా, బే, ఎఫెంది లాంటి బిరుదుల్ని చట్టం చేసి తీసేశారు.

అంటే వాళ్ళు మాటలు మార్చారు, క్రియ తోకలు అలాగే ఉంచారు. 'మిష్తిర్', 'మక్తదిర్' చెక్కు చెదరలేదు. మన దగ్గర తిరగబడింది. 'వచ్చుచున్నాడు'ని 'వస్తున్నాడు' చేసుకున్నాం, క్రియ తోకలు మార్చాం. విజ్ఞప్తి, నిషేధము, పాదరక్షలు మాత్రం అలాగే కూర్చున్నాయి. అందుకే టర్కిష్ బోర్డులో మాటలు తేలిగ్గా ఉండి తోక బరువుగా ఉంటుంది. తెలుగు బోర్డులో కొన్నిచోట్ల తోక తేలికైపోయి మాట బరువుగా ఉంటుంది.

అయితే కొన్ని పాత మాటలు ఎవరూ కదపలేకపోయారు. మా అత్తగారి ఊరు చిన్నది. మునిసిపాలిటీ స్తంభాలకి మైకులున్నాయి. ఎవరైనా పోతే అందులో చెప్తారు. ఫలానావారు 'వెఫాత్ ఎత్మిష్తిర్', మరణించియున్నారు, జెనాజె, అంటే అంత్యక్రియలు, మధ్యాహ్నం నమాజు 'ముతెఆకిప్', తర్వాత, జరుగుతుంది అని. తర్వాత అనడానికి రోజూ వాడే తేలిక మాట ఉంది, 'సోన్రా'. దాన్ని ఆ చోట పెట్టరు. సలీం గారికి వఫాత్, జనాజా చెప్పనక్కర్లేదు.

సముద్రం_సీను | గురువారం, రాత్రి 7:45

మైకులు లేని కాలంలో మరి? మా తాతగారి ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేసేవారు. 'ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా' అని మొదలెట్టి, ఆ తర్వాతంతా మామూలు మాటే, రేపు చెరువు గండి పూడుస్తున్నారహో, ఇంటికొకరు రావాలహో అని. మేష్టారు చెప్పిన కర్తలేని వాక్యం మొదటి లైనుకే సరి.

అంకారా_అక్క | గురువారం, రాత్రి 9:00

సీనుగారూ, ఇక్కడ అతన్ని 'తెల్లాల్' అంటారు. అరబీ దల్లాల్ నుంచి వచ్చింది. మన దళారీ కూడా అక్కణ్ణుంచే. ఒకడు ఊరికి కబురు మోసేవాడైతే ఇంకొకడు బేరం మోసేవాడయ్యాడు. తెల్లాల్ కేక ఇప్పటికీ పిల్లలకి కూడా తెలుసు, 'దుయ్‌దుక్ దుయ్‌మదిక్ దెమెయిన్!' విన్నాం, వినలేదు అనకండి! చూడండి, 'దెమెయినిజ్' కాదు, 'దెమెయిన్'. బోర్డు మీది మర్యాద కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషి మర్యాద. సూటిగా చెప్పు గారు అడిగిన భాష అదేననుకుంటాను.

సూటిగా_చెప్పు | గురువారం, రాత్రి 9:40

అవునండి, అదే. ఆ మాట రాసి మా వార్డులో పెట్టుకోవాలనుంది.

కృష్ణాతీరం | ఆదివారం, ఉదయం 11:20

అందరికీ ఒక కబురు. నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంటు కింది తలుపుకి ఒక కాగితం అంటించారు. మామూలుగా అయితే ఫొటో తీసి ఫోన్‌లో తర్జుమా చేసుకునేదాన్ని. ఈసారి చేతిలో సంచులతో అక్కడే నిలబడి చదివాను. 'సు కెసిన్‌తిసి యపిలజక్తిర్'. యప్, ఇల్, అజక్, తిర్. 'అజక్' అంటే జరగబోయేది, సీనన్న 'ఇనెజెక్'లో ఉన్నదే. తిర్ అక్క చెప్పిన ముద్ర. నీటి కోత చేయబడగలదు. కింద టైము, ఉదయం తొమ్మిది నుంచి. చివర 'దుయురులూర్', తెలియజేయడమైనది. మేష్టారూ, మీరు గుర్తొచ్చారు.

పైకెళ్ళి రెండు బకెట్లు, వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ నింపాను. పొద్దున్న ఎదురింటి తెయ్‌జె చేతిలో అదే కాగితం పట్టుకుని తలుపు కొట్టింది. తెయ్‌జె అంటే అమ్మ తోబుట్టువు, మన పెద్దమ్మ గానీ పిన్ని గానీ, ఇక్కడ పెద్దావిడలందరినీ అలాగే పిలుస్తాం. కళ్ళజోడు కూతురింట్లో మర్చిపోయిందట. 'ఇందులో ఏం రాశారు, కిజిమ్?' అని అడిగింది.

'సు యోక్, తెయ్‌జె' అన్నాను. ఒక బకెట్ ఆవిడకి ఇచ్చాను.